ఏసయ్య చెయ్యి

ఆలూరు కాశీరాం ఒకరిని చూసి కుళ్ళుకునే మనిషని ఆ రోజుల్లో ఎవరైనా చెబితే ఊళ్ళో నవ్వేవారు. ఆరెకరాల తోట భూమి, రెండు బావులు, పెంకుటిల్లు, కొట్టం నిండా పశువులు. మాట తక్కువ. పంచాయితీలకు పిలిచినా పోడు, పక్కింటి గొడవలో తలదూర్చడు. "నా పని నేను చేసుకుంట. ఎవల జోలికి పోను, ఎవల్ని నా జోలికి రానియ్య" అనేవాడు. మనిషి బతకవలసిన తీరు అదేనని, పోయేనాటికి ఆ ఒక్క మాట నిలబెట్టుకుంటే చాలని నమ్మేవాడు. చెప్పుకోవడానికి కూడా బాగుండేది ఆ మాట. ఆయనకు నలభై ఏళ్ళు వచ్చేదాకా దానికి ఏ ఇబ్బందీ రాలేదు.

ఎనభై రెండో సంవత్సరం వచ్చిన పసుపు పంట ఆయన చేతిలో అంతకు ముందెన్నడూ రాలేదు. విత్తనం పెట్టిన జూన్ నుంచి తవ్వకం దాకా చేను విడిచి ఒక్క పెళ్ళికి పోలేదు. పెంట ఎరువు తోలించాడు, నాలుగుసార్లు కలుపు తీయించాడు, మోటరు కాలిపోయిన వారం రోజులు ఎడ్లను కట్టి మోటతో నీళ్ళు తోడించాడు. తవ్వితే ఒక్కొక్క గడ్డ పిడికిలికి పట్టనంత వచ్చింది. ఉడకబెట్టి, కల్లంలో పదిహేను రోజులు ఎండబెట్టి, మెరుగు పట్టించి, మార్చి నెలలో బండి కట్టుకుని ఆర్మూర్ మార్కెట్టుకు పోయాడు.

సేటు సంచిలో చెయ్యి పెట్టి ఒక కొమ్ము తీశాడు. పుటుక్కున విరిచాడు. విరిగిన చోట లోపల ముదురు నారింజ రంగు, అంచు దాకా ఒక్కటే తీరుగా ఉంది. సేటు దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, పక్క దుకాణాల వాళ్ళను పిలిచాడు. నలుగురు చుట్టూ చేరారు. కాశీరాం తలపాగా సర్దుకున్నాడు.

"గీ సరుకు ఎవలు ఉడకబెట్టిండ్రు? ఏసయ్యనా?" అని అడిగాడు సేటు.

కాశీరాం అవునన్నాడు.

"నేననుకున్న. గిది ఏసయ్య చెయ్యే," అని సేటు ఆ విరిచిన ముక్కను మిగతావాళ్ళకు చూపించాడు. వాళ్ళు తలలూపారు. వేల్పూరు నుంచి వచ్చిన ఇద్దరు రైతులు అక్కడే ఏసయ్య ఎక్కడుంటాడు, ఎప్పుడు దొరుకుతాడు అని కాశీరాంనే అడిగారు. పండించిన మనిషి పేరేమిటని ఎవరూ అడగలేదు.

ఏసయ్యది ఆలూరే. ఊరి చివర చర్చి వాడలో ఒక గది ఇల్లు, భూమి లేదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా భార్య ఎంకవ్వతో కలిసి పెద్ద ఇనుప కడాయిని బండి మీద వేసుకుని చేనుచేనుకూ తిరిగి పసుపు ఉడకబెట్టడం ఆయన పని. మిగతా నెలల్లో కూలి. పచ్చి గడ్డను తక్కువ ఉడకబెడితే ఎండినాక పెళుసుబారుతుంది, ఎక్కువ ఉడికితే రంగు చచ్చిపోతుంది. ఆ రెంటి మధ్యనున్న గడియ ఏసయ్యకు తెలిసినంతగా చుట్టుపక్కల ఎవరికీ తెలియదు.

ఆ రోజు బండి మీద తిరిగి వస్తూ కాశీరాం తొమ్మిది నెలలూ గుర్తు చేసుకున్నాడు. తొమ్మిది నెలలు తనవి, రెండు రోజులు ఏసయ్యవి. పేరు మాత్రం ఏసయ్యది. మరో రైతు ఎవరికైనా ఆ పేరు పోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో. తన చేలో కూలికి వంగే మనిషిని చూసి తాను కుళ్ళుకుంటున్నాడన్న సంగతే ఆయనకు కుళ్ళుకన్నా ఎక్కువ మంటగా ఉంది. ఇది ఎవరితో చెప్పుకోగలడు? ఇంటికి వచ్చాక భార్య గంగమణి సరుకు పోయిందా అని అడిగితే మంచిగనే పోయిందన్నాడు. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచాడు.

మరుసటి ఏడు ఆయన ఆర్మూర్ పోయి సొంతంగా ఒక కడాయి చేయించుకుని వచ్చాడు. ఎప్పటిలా ఏసయ్య అడగడానికి వచ్చి, వాకిట్లో బోర్లించి ఉన్న కొత్త కడాయిని చూశాడు. ముఖం చిన్నబోలేదు. కడాయి చుట్టూ తిరిగి, అడుగు మందంగా ఉంది, మంచి ఇనుమేనని మెచ్చుకున్నాడు.

"మొదటిపాలి గద పటేలా. నేను పక్కకు కూసుంట. ఏదన్నుంటే చెప్త" అన్నాడు.

కాశీరాం అక్కర లేదన్నాడు. కానీ పని తెలియదు కదా. రెండు రోజుల తర్వాత, పక్క చేలో ఏసయ్య కడాయి పెట్టాడని తెలిసి, గట్టు మీది జొన్నచొప్ప కుప్ప వెనక కూర్చుని విన్నాడు. ఊళ్ళో పెద్ద రైతు, దొంగలా, మోకాళ్ళు ముడుచుకుని. ఏసయ్య చుట్టూ అయిదారుగురు వయసు కుర్రాళ్ళున్నారు. ఏ కులం వాడు వచ్చినా ఆయన కాదనడు. కడాయి మీద కప్పిన గోనెసంచి అంచు ఎత్తి, ఒక్కొక్కరినీ వంగమంటున్నాడు.

"కండ్లతోని కాదు, ముక్కుతోని సూడుండ్రి. పచ్చివాసన పోయి ఉడికిన వాసన వస్తది. గది వచ్చినంక ఒక్క పొంగు, గంతే. దించుడే."

కాశీరాం కుప్ప వెనకనే చేత్తో ముక్కు తడుముకున్నాడు. ఆరేళ్ళప్పుడు అమ్మవారు పోసి బతికిన మనిషి ఆయన. అప్పటి నుంచి ముక్కుకు వాసన తెలియదు. మల్లెపూవు, మాడిన కూర, వాన పడ్డ మట్టి, ఏదైనా ఒకటే. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చిన్నతనంలో పిల్లలు ఎక్కిరిస్తారని దాచాడు, పెద్దయ్యాక దాచడం అలవాటైపోయింది. ఎవరైనా వాసన బాగుంది అంటే ముందు వాళ్ళ ముఖం చూసి, తర్వాత తల ఊపేవాడు.

అయినా ఉడకబెట్టాడు. మొదటి కడాయి మెత్తగా చితికిపోయింది, రెండోది లోపల పచ్చిగా మిగిలింది. మార్కెట్టులో సేటు కొమ్ము విరిచి చూసి, సంచిని పక్కకు జరిపించాడు. విత్తనం మంచిది రాలేదని కాశీరాం ఊళ్ళో చెప్పుకున్నాడు.

ఏసయ్యను పిలిస్తే సరిపోయేది. పిలవలేదు. పగబట్టినట్టు ఆ పని మీద కూర్చున్నాడు. ముక్కు లేదు గనుక చెవి, వేలు, పుల్ల పట్టుకున్నాడు. గడ్డలు గట్టిగా ఉన్నంతసేపు మరిగే నీళ్ళలో ఒకదానికొకటి, కడాయి అంచుకూ తగిలి టకటకమని చప్పుడు చేస్తాయి. ఉడికే కొద్దీ ఆ చప్పుడు మొద్దుబారుతుంది. అది పూర్తిగా అణిగినప్పుడు మొనలేని తుమ్మపుల్లను ఒక గడ్డలో గుచ్చితే, మణికట్టు బిగించకుండానే ఒక్క విసురులో దిగాలి. దిగి, తీస్తుంటే కొంచెం పట్టుకోవాలి. ఆ పట్టుకోవడం పోయిందంటే ఎక్కువైనట్టు. ఇదంతా ఆయనకు ఎవరూ చెప్పలేదు. నాలుగేళ్ళు పట్టింది. ఎన్ని కడాయిలు చెడగొట్టుకున్నాడో గంగమణికి తెలుసు.

ఎనభై ఏడుకల్లా ఆయన సరుకు ఏసయ్య సరుకుకు తీసిపోకుండా వచ్చింది. మార్కెట్టులో సేటు విరిచి చూసి బాగుందన్నాడు, ఏసయ్యను మళ్ళీ పెట్టుకున్నావా అని అడిగాడు. నేనే ఉడకబెట్టిన అని కాశీరాం గట్టిగా చెప్పాడు. సేటు నవ్వి, అయితే ఏసయ్య దగ్గర బాగానే నేర్చుకున్నావన్నాడు.

ఆ తర్వాత కాశీరాం ఆ పనిని మరింత దాచుకున్నాడు. పుల్ల గుచ్చే వేళకు కూలీలను చెట్టు కిందికి పొమ్మనేవాడు. తమ్ముడు చిన్నన్న పెళ్ళయి వేరుపడి, తన వాటా రెండెకరాల్లో పసుపు పెట్టుకున్నాడు. అన్న దగ్గరికి వచ్చి నాకు జర చూపియ్యమని అడిగితే, నేనెవలను అడిగి నేర్చుకున్న? నువ్వూ చూసి నేర్చుకో అన్నాడు కాశీరాం. చిన్నన్న వెనుదిరిగి పోయాడు. ఆ ఏటి తవ్వకాల్లో ఏసయ్య కడాయి చుట్టూ వంగి నిలబడ్డ వాళ్ళలో చిన్నన్న కూడా ఉన్నాడని మూడో మనిషి వచ్చి చెప్పాడు. ఆ రోజు కాశీరాం చేనుకు పోలేదు.

ఏసయ్య మాత్రం ఎప్పుడు ఎదురైనా పక్కకు జరిగి నిలబడి, మంచిగున్నవా పటేలా, పసుపెట్లుంది అని అడిగేవాడు. ఆ అడగడంలో ఎత్తిపొడుపు దొరుకుతుందేమోనని కాశీరాం వెతికేవాడు. దొరికేది కాదు. అదొక కోపం.

పొగకు ఏసయ్యకు దమ్ము పట్టింది, ఊపిరాడని దగ్గు. రెండేళ్ళు దవాఖాన చుట్టూ తిరిగి, తొంభై రెండు జూలైలో, వానలు పట్టిన వారంలో పోయాడు.

ఊరి మనిషి పోతే పోవాలి గనుక కాశీరాం కూడా పోయాడు. పది మంది ఉంటారు, ఒక్క గడియ నిలబడి వద్దామనుకున్నాడు. చర్చి వాడ సందులో కాలు పెట్టే చోటు లేదు. వేల్పూరు నుంచి ట్రాక్టరు వచ్చింది. మోర్తాడు నుంచి బస్సు దిగి నడిచి వచ్చారు. బురదలో చెప్పులు చేత పట్టుకుని, మీసాలు నెరిసిన రైతులు ఒక కూలి మనిషి శవపెట్టె వెనక నడుస్తున్నారు. సమాధుల తోటలో పాస్టరు ప్రార్థన చేసి, ఎవరైనా రెండు మాటలు చెప్పేదుంటే చెప్పమన్నాడు. మామూలుగా అలాంటి చోట ఎవరూ నోరు తెరవరు. ఇక్కడ ఒకరి తర్వాత ఒకరు ముందుకు వచ్చారు. ఎవరూ గొప్ప మాటలు చెప్పలేదు. నాకు ఫలానా ఏడు చూపించిండు, మా తమ్మునికి చూపించిండు, అడిగితే పని ఇడిసిపెట్టి వచ్చిండు, ఇంతే. చిన్నన్న కూడా మాట్లాడాడు. సగంలో ఏడుపు వచ్చి ఆగిపోతే, పక్కనున్న ముసలాయన భుజం మీద చెయ్యి వేశాడు. ఇంట్లో తండ్రి పోయిన రోజున కూడా చిన్నన్న అలా ఏడవలేదు.

కాశీరాం గొడుగు కింద నిలబడి మనుషులను చూస్తూనే ఉన్నాడు. ప్రార్థన వినలేదు. పెట్టెలో పడుకున్న మనిషి మీద దయ రావలసిన చోట అదే పాత మంట రగులుతోంది. పోయి కూడా వీడు నన్ను దాటిపోయిండు అనుకున్నాడు. అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు, మళ్ళీ అదే అనుకున్నాడు.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ గంగమణిని అడిగాడు.

"నేను పోతే గింతమంది వస్తరా?"

ఆమె చెంబుతో నీళ్ళు పోసింది. అబద్ధం చెప్పే అలవాటు ఆమెకు లేదు.

"వస్తరు. భూమి ఉన్నోళ్ళం గద. వస్తరు, సూస్తరు, పోతరు."

ఆ మాట ఆయనకు వారం రోజులు నిద్ర పట్టనివ్వలేదు. ఎవరి జోలికీ పోకుండా బతికిన మనిషి గురించి సమాధి దగ్గర ఎవరైనా ఏం చెబుతారు? మా జోలికి రాలేదు అని చెబుతారు. అంతేగదా. నలభై తొమ్మిదేళ్ళు నిలబెట్టుకున్న మాట చివరికి ఆ ఒక్క వాక్యానికి వచ్చి ఆగింది.

దాంతో ఆయన పంతం మరోవైపు తిరిగింది. ఏసయ్య నేర్పి పేరు తెచ్చుకుంటే తానూ నేర్పుతాడు. ఆ జనవరిలో, నేర్చుకునే వాళ్ళుంటే మా చేనుకు రండని ఊళ్ళో చెప్పించాడు. కడాయి పక్కన మంచం వేయించుకుని రెండు రోజులు కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. రావడానికి ఎవరికీ అవసరం లేదు. ఊళ్ళో సొంత చేను ఉన్న ప్రతివాడికీ ఏసయ్య ఎప్పుడో నేర్పి పోయాడు. ఆరేళ్ళు గోనెసంచి కప్పి దాచుకున్న పని, తీరా విప్పేసరికి అడిగేవాళ్ళు లేరు.

చేతకాని వాళ్ళు, మనుషులు లేని ఇళ్ళవాళ్ళు మాత్రం ఇంకా ఉడకబెట్టేవాళ్ళను పిలిపించుకునేవారు. వాళ్ళ కోసం ఎంకవ్వ మొగుడి కడాయిని తానే పట్టుకుంది. ఇరవై ఏళ్ళు పొయ్యి దగ్గర మంట వేసిన మనిషి, ఆమెకు రాకుండా పోతుందా అని అందరూ పిలిచారు. కానీ ఆ ఏడు ఆమె ఉడకబెట్టిన సరుకు ఒకచోట బాగుంది, మరోచోట చితికింది. ఏసయ్య చెయ్యి ఏసయ్యతోనే పోయిందని జనం అనడం మొదలుపెట్టారు. కాశీరాంకు ఆ మాట మొదట తియ్యగా ఉంది. హోటల్లో కూర్చుని ఇంకో చాయ్ చెప్పించుకుని మరీ విన్నాడు.

ఒక మధ్యాహ్నం చేనుకు పోతుంటే దారి పక్కన ఎంకవ్వ కడాయి కనిపించింది. ఆగాడు. ఆమె గోనెసంచి అంచు ఎత్తి, వంగి, గట్టిగా ఊపిరి పీల్చింది. పీల్చి, వెంటనే చుట్టూ ఉన్న కూలీల ముఖాలు చూసింది. ఎవరైనా ఏమైనా అంటారేమోనని ఎదురుచూసింది. ఒక కూలి మనిషి అయినట్టుంది గదా అన్నాడు. ఆ మాట కోసమే ఉన్నట్టు, అయింది, దించుండ్రి అంది.

పీల్చడం, ఆ తర్వాత ముఖాలు వెతకడం, జీవితమంతా కాశీరాం చేసిందే. వేరే ఎవరు చూసినా ఏమీ కనిపించి ఉండదు.

ఎవరికీ చెప్పలేదు. నెలలు గడిచాయి. ఈలోగా మరో సంగతి ఆయన గమనించాడు. ఎంకవ్వ సరుకు చెడిపోయిన కొద్దీ జనం ఏసయ్యనే ఎక్కువ తలుచుకుంటున్నారు. ఆయన ఉంటే గిట్లయితుండెనా, గసుంటి మనిషి మళ్ళ పుడతడా, ఇదే మాట. బతికున్నప్పటి కన్నా పెద్దవాడైపోతున్నాడు ఏసయ్య. ఇది ఆగాలంటే ఒకటే దారి. ఎంకవ్వ చెయ్యి బాగుపడాలి. ఆ బాగు కాశీరాం వల్ల వచ్చిందని అందరికీ తెలియాలి.

ఆయన ఎంకవ్వ ఇంటికి పోయింది ఇలాంటి బుద్ధితోనే. డిసెంబరులో, పొద్దున్నే, శవం లేవని రోజున చర్చి వాడలో కాలు పెట్టడం ఆయనకు అదే మొదలు. ఎంకవ్వ చాట పక్కన పెట్టి లేచి నిలబడింది. కుర్చీ లేదని పీట వేసింది. ఆయన కూర్చోకుండానే అన్నాడు.

"నీకు వాసన తెల్వదు."

ఆమె ముఖం మాడిపోయింది. ఎవరన్నారు, నాకు మంచిగనే తెలుస్తది, మొన్న జర పడిశం పట్టి అట్లయింది అంది. ఆయన వింటూ నిలబడ్డాడు. తానైతే ఏం చెప్పేవాడో సరిగ్గా అదే చెబుతోంది.

"నాకు సుత తెల్వదు ఎంకవ్వా. ఆరేండ్లప్పటి సంది," అన్నాడు.

యాభై ఏళ్ళలో ఆ మాట ఆయన నోటి నుంచి రావడం అదే మొదటిసారి. ఇంత దూరం మోసుకొచ్చింది ఒక్క క్షణంలో అయిపోయినందుకు ఆయనకే విచిత్రంగా తోచింది. పీట మీద కూర్చున్నాడు.

ఎంకవ్వ కూడా కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. పొగకు తనకు అయిదేళ్ళ కిందటే వాసన పోయిందని చెప్పింది. ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలిస్తే పనికి ఎవరు పిలుస్తారు?

"ఏసయ్యకు సుత చెప్పలేదా?" అని అడిగాడు కాశీరాం.

"నేను చెప్పలే. ఆయనకే ఎర్కయింది. రెండు కడాయిలు పెట్టిన కాడ ఒకటి నేను సూస్తుంటి. ఆయన పక్క కడాయి కాడ ఉండి, నేను దించే యాళ్ళకు దగ్గేటోడు. దగ్గితే అయినట్టు. దమ్ము గద, అందరు దమ్మే అనుకున్నరు."

కాశీరాం తల వంచుకున్నాడు. ఇక్కడ కూడా వాడే ముందున్నాడు. పోయిన మనిషి భార్య కళ్ళ నీళ్ళు పెట్టుకుని కూర్చుంటే, ఈ దగ్గు తనకెందుకు తట్టలేదా అని ఆయన లోపల రగిలిపోయాడు. గంగమణికి తానెప్పుడైనా అలా ఒక దగ్గు దగ్గాడా అని వెతుక్కుంటే ఒక్కటీ దొరకలేదు.

నేర్పుతానన్నాడు. కానీ ఒక షరతు పెట్టాడు. ఎవరన్నా అడిగితే కాశీరాం నేర్పిండని చెప్పాలె. ఎంకవ్వ సరేనంది.

ఆ జనవరిలో తన మొదటి తవ్వకం గడ్డను ఆమెతోనే ఉడకబెట్టించాడు. కళ్ళు మూసుకుని వినమన్నాడు. చప్పుడు ఎప్పుడు మొద్దుబారిందో చెయ్యి ఎత్తి చూపమన్నాడు. పుల్ల ఎలా పట్టాలో, ఎక్కడ గుచ్చాలో చూపించాడు. తనకు నాలుగేళ్ళు పట్టిన దాన్ని ఆమె పన్నెండు కడాయిల్లో పట్టుకుంది. ఇరవై ఏళ్ళు ఆ చప్పుడు పక్కనే ఉన్న మనిషి గదా. పదమూడో కడాయి దగ్గర ఆయన చెయ్యి ఎత్తబోతుంటే ఆమె చెయ్యి అప్పటికే లేచి ఉంది. దానికీ కాస్త కుళ్ళుకున్నాడు. కానీ ఆ గడియలోనే, తన చెవిలో మాత్రమే ఉన్న ఒక చప్పుడు మరో మనిషి చెవిలోకి పోయిందని తెలిసి, కుళ్ళు కానిదేదో కూడా ఆయనకు తగిలింది. దానికేమని పేరు పెట్టాలో తెలియక, మంట తగ్గించుండ్రి అని కూలీల మీద కసురుకున్నాడు.

ఆ ఏడు ఎంకవ్వ దించిన సరుకు ఒక్కచోట కూడా చెడలేదు. అడిగిన వాళ్ళందరికీ ఆమె మాట తప్పకుండా చెప్పింది, కాశీరాం పటేలు నేర్పిండని. తన పేరు ఎంతదూరం పోయిందో విందామని కాశీరాం ఏప్రిల్లో ఆర్మూర్ బస్టాండు దగ్గర హోటల్లో కూర్చున్నాడు. వెనక బల్ల మీద వేల్పూరు వాళ్ళు ఇద్దరు అదే మాట్లాడుకుంటున్నారు. వాళ్ళు ఆయన్ను ఎరగరు.

"కాశీరాం పటేలు నేర్పిండంటది గదా ఆమె?"

"పాపం, గాయన చేన్ల పని చేస్తది. గట్ల చెప్పుమని గాయననే చెప్పి ఉంటడు. ఏసయ్య పెండ్లానికి ఇంకొకలు నేర్పుడేంది?"

ఇద్దరూ నవ్వుకున్నారు. కాశీరాం చేతిలో చాయ్ చల్లారిపోయింది. వెనక్కి తిరిగి ఆ కాశీరాంను నేనే అని చెప్పవచ్చు. చెబితే వాళ్ళ అనుమానం ఇంకా గట్టిపడుతుంది. పైగా వాళ్ళు అన్నదాంట్లో తప్పేముంది? అలా చెప్పమని చెప్పింది తానే.

ఆ సాయంత్రమే ఎంకవ్వ దగ్గరికి పోయి, ఇక నా పేరు చెప్పకు అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. అబద్ధమైతే మానేస్తాను, నిజమే గదా పటేలా, ఎందుకు బంద్ చెయ్యాలె అని అడిగింది.

"నిజమే. గని నేను అడిగి చెప్పిచ్చుకున్న. గది సుత నిజమే."

ఎంకవ్వ ఆయన వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. బరువైనదేదో కింద పెట్టమన్నట్టుంది.

"నువ్వు అడగకుంటే సుత చెప్తుంటి" అంది.

కాశీరాం చెప్పులు తొడుక్కున్నాడు. అడగకుండా వచ్చి ఉండే మాటను అడిగి చెడగొట్టుకున్నాడు. ఇంటికి నడిచే దారి పొడుగునా ఆ ఒక్క మాటే చెవిలో ఉంది. ఏసయ్యకూ తనకూ ఉన్న తేడా ఏమిటో ఇన్నేళ్ళు ముక్కులోనూ చేతిలోనూ వెతికాడు. ఏసయ్య తన పేరు చెప్పమని ఎవరినీ అడిగి ఉండడు, అంత చిన్నది.

మరుసటి తవ్వకాల ముందు ఎంకవ్వ మోర్తాడు నుంచి నలుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ళ భర్తలు దుబాయి, మస్కట్ పోయారు. చేను, తవ్వకం, ఉడకబెట్టడం అన్నీ వాళ్ళ మీదే పడ్డాయి. వాళ్ళలో నీలవ్వ అనే ఆమె బీడీలు చుట్టే పనిలో పొగాకు దుమ్ముకు ముక్కు దిబ్బడేసి తనకు వాసనలు సరిగా తెలియవని, మామూలుగా చెప్పినట్టు చెప్పేసింది. నాకూ తెలియదు, అందుకే గిట్ల పట్టుకున్న అని కాశీరాం కూడా మామూలుగానే చెప్పాడు. పక్కన గంగమణి ఉంది. ముప్పై ఏళ్ళుగా తెలిసినట్టే తల ఊపింది. ఈసారి ఆయన ఏ షరతూ పెట్టలేదు.

తొంభై ఆరుకల్లా మోర్తాడులో అలా ఉడకబెట్టేవాళ్ళు ఇరవై మంది దాకా అయ్యారు. ఒకరి నుంచి ఒకరికి పోయింది. వాళ్ళు దాన్ని ఎంకవ్వ పద్ధతి అనేవారు. వాళ్ళను మొదట తీసుకువచ్చింది ఎంకవ్వ గనుక ఆ పేరు నిలబడింది. కాశీరాం పేరు తెలిసిన వాళ్ళు ముగ్గురో నలుగురో. ఒకరోజు ఆ మాట విని ఇంటికి వచ్చి ఆయన ముభావంగా కూర్చుంటే గంగమణి నవ్వింది. ఏసయ్య అయిపోయిండు, ఇగ ఎంకవ్వనా అంది. ఆయనకు కూడా నవ్వు వచ్చింది, కాని మంట మంటగానే ఉంది.

"ఇంక పోలేదా నీ కుళ్ళు?" అని అడిగింది ఆమె.

"పోలే. పోతదని కూడ అనుకుంట లేను. గని రేపు గా ఆడోళ్ళ కాడికి పోకుంట ఉండబుద్ధి అయితలే."

తెల్లవారి జొన్నరొట్టె తిని, పుల్లలు నాలుగు గుడ్డలో చుట్టి సైకిలు హ్యాండిలుకు కట్టుకున్నాడు. మోర్తాడులో ఆ రోజు కొత్తగా ఇద్దరు వస్తారని నీలవ్వ కబురు పంపింది. వాళ్ళ పేర్లు ఆయనకు ఇంకా తెలియవు. అడిగి తెలుసుకోవాలని అనుకుంటూ ఊరు దాటాడు.